ఒక్క బిడ్డకొరకు ఇంత సొమ్మా?

ధ్యాన భాగము: మార్కు సువార్త 5వ అధ్యాయము, 21 మొదలు 43 వరకు



ఈ దినములలో మన సంఘములలో తరచుగా వినబడు ప్రశ్న యొకటి కలదు. ఆరాధన ముగియుచుండగా, ప్రకటనల సమయమందు ఒక తండ్రి ముందుకు వచ్చి నిలుచును. తన బిడ్డకు పుట్టుకతోనే లోపమున్నదనియు, దానిని సరిచేయు శస్త్రచికిత్స పరదేశములో మాత్రమే జరుగునని ఎవరో చెప్పిరనియు, దానికి ఇన్ని లక్షలు కావలెననియు చెప్పును. అప్పటికే ఆ బిడ్డ పటము అందరి సెల్‌ఫోనులలోనికి వచ్చియుండును. కానుకసంచి రెండవమారు తిరుగును. తరువాత గుడి బయట వేపచెట్టు క్రింద చెప్పులు తొడుగుకొనుచు పెద్దలలో ఒకరు మెల్లగా అందురు: "ఒక్క బిడ్డకు ఇంత సొమ్మా? ఈ డబ్బుతో మన మండలమంతటిలో నూరుమంది బిడ్డలకు మందులిప్పింపవచ్చును గదా!"

ఈ మాట అన్నవారిని కఠినహృదయులని త్రోసివేయరాదు. మనది సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమ. ఆ వానయైనను వేరుశనగ ఊడలు దిగు వేళకు రాక, కాయ పెరుకు వేళకు వచ్చును. 1952వ సంవత్సరపు రాయలసీమ కరువులో గంజి కేంద్రములయొద్ద గిన్నె పట్టుకొని నిలిచినవారి బిడ్డలము, మనుమలము మనము. గంజి వరుసలో తలకొక గరిటె. ఒకనికి కడవెడు పోసి తక్కినవారిని వట్టి గిన్నెలతో పంపుట అక్కడ న్యాయము కాదు. ఆ లెక్క మన రక్తములో ఉన్నది. అది పిసినారితనము కాదు, ఆకలి నేర్పిన న్యాయము.

అయినను ఈ ప్రశ్న కొత్తది కాదని జ్ఞాపకము చేసికొందము. బేతనియలో మరియ అత్తరు పోసినప్పుడు, దానిని మూడువందల దేనారములకు అమ్మి బీదలకు ఇయ్యకూడదా యని అడిగినవాడొకడుండెను (యోహాను 12). దేనారమనగా ఒక దినపు కూలి. అనగా ఇంచుమించు ఒక సంవత్సరపు కూలిసొమ్ము ఒక్కని పాదములమీద పోయబడెను. అడిగినవాని సంచి సంగతి సువార్తికుడు మనకు చెప్పుచున్నాడు. అట్లని నేడు ఆ ప్రశ్న అడుగు ప్రతివాడును ఇస్కరియోతు యూదా కాడు. వేపచెట్టు క్రింది పెద్దకు జవాబు చెప్పవలెను, పేరు పెట్టకూడదు.

లెక్కతోనే మొదలుపెట్టుదము. 2021వ సంవత్సరమున హైదరాబాదులో మూడేండ్ల బాలుని విషయములో జరిగినది అనేకులు వినియున్నారు. వెన్నెముకలోని నరముల లోపముచేత కండరములు నానాటికి క్షీణించు అరుదైన వ్యాధి అది. అమెరికానుండి తెప్పింపవలసిన ఒక్క మోతాదు మందు వెల సుమారు 16 కోట్ల రూపాయలు. తలిదండ్రులు ప్రజలను అడిగిరి. అరవై వేలమందికి పైగా ఇచ్చిరి. మందు వచ్చెను, బాలునికి ఎక్కింపబడెను. పదహారు కోట్లు! ఆ సొమ్ముతో మన ప్రాంతములో ఎన్ని ఊళ్లకు మంచినీరు వచ్చునో లెక్క వేయుట ఎవరికైనను సులభమే.

కాని చదువరులారా, ఆ అరవై వేలమందియొద్దకు ముందుగా పోయి, బడిపిల్లల నులిపురుగుల మాత్రలకు చందా ఇయ్యుడని అడిగియుంటిమేని ఎందరు ఇచ్చియుందురు? బహు కొద్దిమంది అని నా తలంపు. వారు చెడ్డవారై కాదు. కనికరము కంటిగుండనే లోపలికి పోవును. ఒక బిడ్డకిచ్చిన రూపాయి ఎల్లప్పుడును ఇంకొక బిడ్డ నోటినుండి తీసినది కాదు. అనేకసార్లు అది ఆ దినము టీకొట్టునకో, సినిమాకో పోవలసిన రూపాయి. మన రైతు నీరు పడని చోట బోరు మీద బోరు వేయించి పోగొట్టుకొన్న సొమ్మును, ఇది నూరుమందికి చాలునే అని ఏ పెద్దయు వేపచెట్టు క్రింద లెక్క కట్టలేదు. బిడ్డ ప్రాణము దగ్గరకు వచ్చినప్పుడే మనకు గణితము జ్ఞాపకము వచ్చుట కొంచెము వింతయే.

అయితే కంటిగుండ వచ్చు కనికరమునకు ఒక గ్రుడ్డితనమున్నది. కనబడనివారిని అది చూడదు. ఇందుకొరకే మార్కు 5వ అధ్యాయమును మీముందు ఉంచితిని.

యాయీరు సమాజమందిరపు అధికారి. ఊరిలో అతనిని ఎరుగనివారు లేరు. అతని చిన్న కుమార్తె చావసిద్ధముగా ఉన్నది. అతడు వచ్చి ప్రభువు పాదములమీద పడి బతిమాలెను. ప్రభువు వెంటనే బయలుదేరెను. ఇది గమనింపుడి. ఒక్క పిల్లకొరకు, అందులోను పలుకుబడిగల ఇంటి పిల్లకొరకు, ఆయన ఆ తీరమందు గుమికూడిన అంతమందిని విడిచి లేచెను. గలిలయలో రోగులైన పిల్లలు వేరెవరును లేరా యని ఆయన అడుగలేదు. అడిగిన తండ్రి ఎదుట ఉన్నాడు, అంతే చాలెను.

ఆ దారిలో వెనుకనుండి ఒక స్త్రీ వచ్చెను. ఆమెకు పండ్రెండేండ్ల రోగము. ఆ చిన్నదాని వయస్సును పండ్రెండేండ్లే. ఒక ఇంటిలో ఒక బిడ్డ ముద్దుగా పెరిగిన కాలమంతయు, ఇంకొకచోట ఒక స్త్రీ రక్తమును, సొమ్మును పోగొట్టుకొనుచునే యుండెను. వైద్యులకు ఉన్నదంతయు పెట్టి, బాగుపడుటకు మారుగా మరింత చెడిపోయెను. ఆమె పక్షముగా మాటలాడు తండ్రి లేడు. ఎదుటికి రాలేదు, పాదములమీద పడలేదు. అంగీ మాత్రము తాకెను. ప్రభువు నిలిచెను. ఎవరు తాకిరని అడిగెను. శిష్యులకు ఆ ప్రశ్న అర్థమే కాలేదు.

ఆ నిమిషములలో యాయీరు హృదయమెట్లుండెనో తలంచుడి. అంబులెన్సు ఎక్కిన తరువాత డ్రైవరు బండి ఆపి దారిన పోవు మనిషితో మాటలాడినట్లు ఉండును. ఆ ఆలస్యములోనే కుమార్తె చనిపోయినదను వార్త వచ్చెను. అతడు ఒక్క మాటైనను సణిగినట్లు మార్కు వ్రాయలేదు.

మనము ప్రభువు కాము. మన ఆలస్యముచేత చనిపోయిన బిడ్డను మనము లేపజాలము. కాబట్టి తక్కిన రోగులందరి పట్టిక తయారగువరకు ఈ బిడ్డ ఆపరేషను ఆపుడని నేను ఎంతమాత్రమును చెప్పను. నడువవలసినదే, త్వరగా నడువవలసినదే. కాని దారిలో అంగీ తాకినదెవరో అడుగకుండ నడచుటకు మనకు సెలవు లేదు.

మన ఊళ్లలో ఆ స్త్రీవంటి బిడ్డ ఎక్కడున్నది? తలిదండ్రులు బెంగుళూరులో కట్టడపు పనికి పోయిరి. బిడ్డ అవ్వ యొద్ద ఉన్నది. నాలుగడుగులు నడిచిన ఆయాసపడును, పరుగెత్తలేదు, ఆటలో కలియదు. బడిలో సోమరియని పేరు పడినది. అవ్వకు ఫోను చేయుట రాదు, పటము తీసి పంపుట అసలే రాదు. ఆమెకు గుడి ముందునకు వచ్చి మాటలాడు ధైర్యమును లేదు. ఉపదేశి బిడ్డకును, పంతులుగారి బిడ్డకును చందా సులభముగా పోగగును. అది తప్పని కాదు, వారికి యాయీరు ఉన్నాడు. అవ్వ యొద్దనున్న బిడ్డకు ఎవరు యాయీరు? ఒక బిడ్డకొరకు విన్నపము చదువబడిన ఆదివారమే పెద్దలు కూర్చుండి, పాస్టరేటులోని పల్లెలన్నిటిలో ఇట్టి బిడ్డలు ఇంకెవరున్నారని విచారించిన యెడల, ఆ మొదటి బిడ్డకు నష్టమేమియు లేదు. బడులకును అంగన్‌వాడీలకును వచ్చి పిల్లలను పరీక్షించు ప్రభుత్వ వైద్య బృందములు 2013 మొదలు ఉన్నవి. పుట్టులోపములు కనిపెట్టుటయే వారి ముఖ్యమైన పని. వారు వచ్చు దినమున ఆ అవ్వ బిడ్డను కూలికో మేకలవెంటనో పంపకుండ బడికి పంపునట్లు చూచుట డబ్బు లేని సహాయము.

ఇక పరదేశము సంగతి.

దూరపు వైద్యము గొప్పదని మనలో ఒక నమ్మిక కలదు. నిజమే, కొన్ని రోగములకు దూరము పోవలసియుండును. కాని 2003వ సంవత్సరము జూలై మాసమున ఏమి జరిగెనో వినుడి. లాహోరులోని రెండున్నరేండ్ల పసిబిడ్డకు గుండెలో రంధ్రములు. రెండు దేశముల మధ్య నిలిచిపోయిన బస్సు తిరిగి నడిచిన మొదటి దినములలోనే తలిదండ్రులు ఆ బిడ్డను ఎత్తుకొని సరిహద్దు దాటిరి. వారికి పరదేశమైనది ఏది? మనకు సుమారు 200 కిలోమీటర్ల దూరములోనున్న బెంగుళూరు! మన పిల్లలు ఇటుకలు మోయుటకు పోవు నగరమే ఆ తల్లికి ఆశల దేశమాయెను. అక్కడి గుండె ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగెను, బిడ్డ బ్రతికెను. శత్రుదేశపు బిడ్డయని తలంపక ఈ దేశపు ప్రజలు ఎక్కడెక్కడనుండియో డబ్బు పంపిరి.

మన సీమలోనే పుట్టపర్తిలో 1991లో తెరువబడిన పెద్ద ఆసుపత్రిలో గుండె ఆపరేషనులు రుసుము లేకుండ చేయబడుచున్నవి. వేలూరు మనవారికి కొత్త కాదు; కాట్పాడి స్టేషనులో దిగి తెలుగు మాట వినని మనవాడు లేడు. ముఖ్యమంత్రి సహాయనిధికి పేదలు ఒక్కొక్కరుగా అర్జీలు పెట్టుకొను కాలము పోయి, ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1వ తేదీన మొదట మూడు జిల్లాలలో ఆరంభమైనప్పుడు, మహబూబ్‌నగర్, శ్రీకాకుళములతో కూడ మన అనంతపురము ఒకటి. అది ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేరుతో నడుచుచున్నది. ఆ కార్డుతో ఉచితముగా జరుగు శస్త్రచికిత్సకు లక్షల చందా ఎత్తిన యెడల, ఇచ్చినవారి కష్టార్జితమునకు మనము ఏమి జవాబు చెప్పుదుము? గనుక పటము ఫోనులోనికి ఎక్కకముందే, ఇది ఇక్కడ జరుగునా, జరుగదని వ్రాసియిచ్చిన వైద్యుడెవరు, రెండవ వైద్యుని అడిగిరా అని పెద్దలు తెలిసికొనవలెను. ఇట్లు అడుగుట అనుమానము కాదు. ప్రయాణమునకు తాళలేని బిడ్డను విమానమెక్కించుటకంటె ఇది దయ.

డబ్బు ఉన్నను కత్తి ఆగవలసిన సమయములు కలవు. వరంగల్లు ప్రాంతమందు 2003లో ఒక పేద కుటుంబములో తలలు అతుకుకొని ఇద్దరు ఆడపిల్లలు పుట్టిరి. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో ఏండ్ల తరబడి పెరిగిరి. వారిని వేరుచేయవలెనని దేశమంతయు కోరెను. 2015లో లండనునుండి వైద్యులు వచ్చి చూచిరి. ప్రాణాపాయము పెద్దది గనుక ఆ శస్త్రచికిత్స జరుగలేదు. ఆ పిల్లలు అట్లే చదువుకొని 2022లో ఇంటర్మీడియటు ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులైరి. వారు పరీక్ష వ్రాసిన దినమున ఎవరి కనికరమును వృథా కాలేదు. వారికి కావలసినది ఒక బల్ల, ఒక కలము, వ్రాయనిచ్చు మనుష్యులు.

తిరిగి యాయీరు ఇంటికి పోవుదము. అక్కడ జనము గుమికూడి ఏడ్చుచుండెను. ప్రభువు అందరిని బయటికి పంపివేసి, తలిదండ్రులను, తనతోకూడ వచ్చిన ముగ్గురిని మాత్రము లోపలికి తీసికొనిపోయెను. మార్కు 7వ అధ్యాయములో చెవిటివానిని కూడ సమూహములోనుండి ఏకాంతమునకు తోడుకొనిపోయెను. రోగిని పదిమంది చూచుట ఆయనకు ఇష్టము కాదు. మనమో, బిడ్డను నిలువబెట్టి చొక్కా ఎత్తించి చూపించుచున్నాము. పటములో బిడ్డ ఎంత దీనముగా కనబడిన అంత డబ్బు వచ్చునని అందరికి తెలిసిపోయినది. ఆపరేషను అయిపోవును, మచ్చ మానును, పిల్ల పెరిగి పెద్దదగును; ఫోనులలోని పటము మాత్రము పెరుగదు. పదునైదేండ్ల తరువాత పెండ్లిమాటలయొద్ద, ఈ పిల్లయే గదా గుండె ఆపరేషనుకు మనమందరము చందా వేసినది అని ఎవరో ఒకరు అందురు. ఇచ్చిన నూరు రూపాయలకు ఆ పిల్ల జీవితమంతయు తల వంచుకొని తిరుగవలెనా? పటము లేకుండ, పేరు లేకుండ, మన పాస్టరేటులో ఒక బిడ్డ అని చెప్పి పెద్దలు పూచీ పడిన యెడల తక్కువ డబ్బు వచ్చునేమో. తక్కువయే రానిండు అని నేనందును. పంట పండుగలో ఒక గుమ్మడికాయను పాటపెట్టి దాని వెలకు ఇరువదింతలు ఇచ్చుచున్న సంఘమునకు, ముఖము చూడని బిడ్డకు ఇచ్చుట చేతకాదా?

సొమ్ము విషయములో అపొస్తలుడైన పౌలు ఎంత జాగ్రత్తపడెనో రెండవ కొరింథీ పత్రిక 8వ అధ్యాయములో చూడుడి. మాసిదోనియ సంఘములు నిరుపేదలై యుండియు యెరూషలేములోని బీదలకొరకు చందా వేసిరి. వారును ఒక విధముగా మన కరువుసీమవారే. ఆ సొమ్మును పౌలు ఒక్కడు మోసికొనిపోలేదు. సంఘములు ఏర్పరచిన వేరే సహోదరులను తోడుగా పంపెను, ఎవరును నింద మోపకుండునట్లు. చందా పుస్తకము, రసీదు, ఇద్దరి సంతకములు, ఆసుపత్రి పేరిటనే చెల్లింపు: ఇవి ఆత్మీయతకు తక్కువైన పనులు కావు.

మిగిలిన సొమ్ము ఎవరిది? ఇక్కడ లాహోరు తలిదండ్రుల సంగతి ముగించెదను. తమ బిడ్డకొరకు వచ్చిన సొమ్మును ఇతర పేదబిడ్డల వైద్యమునకు వినియోగింపవలెనని వారు కోరిరి. వారి బిడ్డను చూచి కరిగిన కనికరము, ఎవరును చూడని బిడ్డలయొద్దకు పోయెను. వేలూరు కథయు కొంతవరకిట్టిదే. ఐడా స్కడ్డరు అమ్మగారి హృదయమును కదిలించినది ఒకే రాత్రి ప్రసవవేదనలో చనిపోయిన ముగ్గురు స్త్రీల సంగతి. అమెరికాలో ఒక ధనవంతుడు ఆమె మాట విని తన భార్య జ్ఞాపకార్థము పదివేల డాలర్లు ఇచ్చెను. 1902లో ఆ సొమ్ముతో ఆసుపత్రి తెరువబడెను. ఆ ముగ్గురు తిరిగి రాలేదు. వారి వెనుక వచ్చినవారిని ఇప్పుడు లెక్కించువారు లేరు. అనంతపురములో 1969 మొదలు పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్‌గారి సంస్థలోను ఇదే పద్ధతి చూచుచున్నాము. స్పెయినులో ఒక కుటుంబము ఇక్కడి ఒక బిడ్డ పేరు చూచి డబ్బు పంపును. సొమ్ము ఆ బిడ్డ చేతికి కాదు, ఊరి బడికి, ఇండ్లకు, బత్తలపల్లి ఆసుపత్రికి పోవును. ముఖము ఒక బిడ్డది, తలుపు ఊరంతటికి తెరువబడును. వేపచెట్టు క్రింది పెద్దకు నేను చెప్పగల జవాబు ఇంతే: అయ్యా, ఆ నూరుమంది మీరు అనుకొన్నట్లు ఈ బిడ్డకు పోటీదారులు కారు, ఈ బిడ్డ వెనుక వరుసలో నిలిచియున్నారు. చందా పుస్తకములో మొదటి పుట ఈ బిడ్డది. రెండవ పుట కుట్టియుంచుడి.

ఆ రెండవ పుటలో ఖర్చు చాల తక్కువ కావచ్చును. గుండె కవాటములు చెడిపోయి ఆపరేషనుకు వచ్చు పిల్లలలో అనేకులకు ఆ కీడు గొంతునొప్పితో మొదలై, కీళ్లనొప్పుల జ్వరముగా మారి, గుండెకు ఎక్కినది. ఆ జ్వరము వచ్చిన బిడ్డకు మూడు నాలుగు వారములకొకమారు పెన్సిలిన్ సూదిమందు ఏండ్ల తరబడి తప్పక వేయించిన యెడల గుండె మరింత చెడకుండ కాపాడవచ్చును. ఆ సూదికొరకు ఎవరును పటము పంపరు. బస్సు చార్జీ లేక ఒక నెల, వేరుశనగ కోతలని ఇంకొక నెల తప్పిపోవును.

చివరకు ఆ చిన్నది లేచి నడిచినప్పుడు ప్రభువు చెప్పిన మాట ఏది? దానికి తినుటకేమైన పెట్టుమని. అంత గొప్ప కార్యమైన తరువాత వంటింటి మాట! ఇనుప కవాటము వేయించుకొన్న బిడ్డ రక్తము గడ్డకట్టకుండ జీవితాంతము మాత్రలు మ్రింగవలెను, తరచుగా రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఆసుపత్రిలో మూడు నెలలు కూర్చున్న తల్లికి అన్ని దినముల కూలి పోయినది. ఇంటిలో మేక అమ్ముడైపోయినది. శస్త్రచికిత్సకు లక్షలు కూర్చిన సంఘము, బిడ్డ ఇంటికి వచ్చిన మూడవ నెలలో ఆ ఇంటి పొయ్యి వెలుగుచున్నదా యని చూచుట అరుదు.

దీనికి మన స్త్రీల యొద్ద పాత ఉపాయమొకటి కలదు. ప్రతిదినము వంటకు ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము వేరే డబ్బాలో వేసి, ఆదివారము గుడికి తెచ్చెడివారు. కొన్ని పల్లెలలో అది ఇంకను జరుగుచున్నది. ఆ బియ్యమును పాటపెట్టి రూపాయలుగా మార్చుటకు ముందు, వైద్యమునకు పోయివచ్చిన బిడ్డ ఇల్లు ఏ పల్లెలోనైన ఉన్నదేమో స్త్రీల సమాజపు పెద్దమ్మగారు ఈ నెలలో విచారింపుదురుగాక. అవ్వ యొద్దనున్న ఆ బిడ్డ సంగతియు ఆమెకే ముందుగా తెలియును.